అద్దానికి అంటుకున్న దారి

మార్చి 3, సోమవారం

ఇవాళ ల్యాబులో, ఇళ్ళకు వెళ్ళి రక్తం తీసే మా నలుగురికీ నాలుగు నావిగేషన్ మిషన్లు ఇచ్చారు. ఒక్కొక్కటీ అరచేయంత. వెనక రబ్బరు కప్పు ఉంది. కారు అద్దానికి నొక్కితే బల్లిలా అంటుకుంటుంది. వెళ్ళాల్సిన ఇంటి అడ్రస్ టైపు చేస్తే ఎక్కడ ఎటు తిరగాలో ఆడగొంతుతో చెబుతుంది, బాణం గుర్తు కూడా చూపిస్తుంది. ఆరు వారాలు ట్రయల్. ఆ తర్వాత మా అందరి మాటా విని, ఉంచుకోవాలో తిరిగి ఇచ్చేయాలో తేలుస్తానంది డాక్టరమ్మ. ల్యాబు ఆవిడదే.

షార్ట్‌కట్ పకపకా నవ్వాడు. పదిహేనేళ్ళుగా ఇళ్ళకు వెళ్ళి రక్తం శాంపిల్స్ తెస్తున్న మనిషి. ఏ సందులోంచి దూరితే ఏ రోడ్డు మీద తేలతామో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు, అందుకే ఆ పేరు. చేపపిల్లకు ఈత నేర్పినట్టుంది మేడమ్ అన్నాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే అనుమానం వస్తుందని.

లోపల మాత్రం గుండె దడదడలాడుతోంది. సంతోషంతో.

అదే రోజు, సాయంత్రం ఏడు

ఇక్కడైనా నిజం రాయాలి. నాకు దారులు తెలియవు. మరిచిపోవడం కాదు, అసలు తలకెక్కవు. కుడి ఎడమలు కూడా గడియారం ఏ చేతికుందో చూసుకుని చెబుతాను. సొంత వీధిలో బస్సు దిగి ఇంటికి ఎదురు దిక్కున నడిచిన రోజులున్నాయి. చిన్నప్పుడు లెక్కల మాస్టారు విసుగెత్తి, ఇక తూర్పు తిరిగి దణ్ణం పెట్టుకోవడమే అన్నారు. తూర్పు ఎటండీ అని అడిగాను. వెటకారం అనుకుని బెంచీ ఎక్కించారు. నిజంగానే అడిగాను.

కారు నడపడం మా ఆయన నేర్పారు. బాగానే నడుపుతాను. ఎటు నడపాలన్నదే రాదు. ఆయన పక్కన కూర్చుని చెయ్యి చూపిస్తూ ఉండేవారు కాబట్టి ఇరవై ఏళ్ళు ఎవరికీ తెలియలేదు. ఆయన పోయి రెండేళ్ళు.

ఆయన అక్క, నాకు వదిన, అప్పుడు పది రోజులుంటానని చిన్న సంచితో వచ్చింది. ఆ సంచి ఇంకా మంచం కింద ఉంది. వదినా ఇక్కడే ఉంది. తమ్ముడే లేనప్పుడు ఇక నాతో ఆమెకు పనేమిటి? ఆ మాట నేనెప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

వదిన ముప్ఫై ఏళ్ళు కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం చేసింది. ఊళ్ళో అందరికీ ఆమె మీటరమ్మ. ఆమె కాలు పెట్టని గుమ్మం లేదు. తొమ్మిదేళ్ళు ల్యాబు లోపలే సూది గుచ్చిన నన్ను నాలుగు నెలల కిందట ఇళ్ళకు పంపడం మొదలుపెట్టారు, చిన్నపిల్లలు నా దగ్గర ఏడవరని. రాదని చెప్పలేకపోయాను. మంచాన ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళే పని నాకు ఇష్టం. ఇంటికొచ్చి వదిన ముందు ఏడ్చాను. ఆమె, లిస్టు ఇటు తే అంది.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి నేను మర్నాటి అడ్రసులు చదువుతాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని అట్టముక్కల మీద దారి గీస్తుంది. ‘నీళ్ళ ట్యాంకు మీద పడుతుందేమో అనిపించేదాకా తిన్నగా పో. పచ్చ గేటు. కుక్క అరుస్తుంది, కరవదు.’ ఏడింటికి చేరాల్సిన ఇంటికి నేను అయిదున్నరకే బయలుదేరుతాను. తప్పిపోవడానికి టైం ఉంచుకోవాలి కదా.

మార్చి 4, మంగళవారం

ఆరు ఇళ్ళు. ఆరింటికీ టైంకి వెళ్ళాను.

రెండో ఇంటి దగ్గర కుడికి బదులు ఎడమకు తిరిగాను. మిషన్ ఒక్క క్షణం ఆగి ‘రీకాలిక్యులేటింగ్’ అంది. అంతే. తల కొట్టుకోలేదు, నిట్టూర్చలేదు, ఇంకెన్నిసార్లు చెప్పాలి అనలేదు. నేనున్న చోటి నుంచే కొత్త దారి చెప్పింది. కారు పక్కకు ఆపి రెండు నిమిషాలు కూర్చున్నాను. నా జీవితంలో ఇంత మర్యాదగా ఎవరూ నన్ను సరిదిద్దలేదు. వదిన తప్ప. ఆమె కూడా అప్పుడప్పుడు పళ్ళు కొరుకుతుంది.

మార్చి 5, బుధవారం

ఏడు ఇళ్ళు. ఎవరూ ఏడవలేదు. పిల్లలూ, నేనూ.

మార్చి 7, శుక్రవారం

సాయంత్రం ఆరింటికి వదిన బల్ల ముందు కూర్చుంది. అట్టముక్కలు చతురస్రాలుగా కత్తిరించి పెట్టుకుంది. లిస్టేదీ అంది. ఇక అక్కర్లేదు వదినా, మిషన్ చెబుతోంది అన్నాను. ఎంత సంబరంగా అన్నానో నాకే తెలియలేదు.

ఆహా అంది. అట్టముక్కల్ని రబ్బరు బ్యాండుతో కట్టి సొరుగులో పెట్టింది. కాసేపటికి, అది ఆరు వారాలే కదా అంది. ఇచ్చినవాళ్ళు తీసుకోరని ఏముంది అంది.

ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచనట్టు కిటికీ దగ్గర నిలబడింది. నేను గమనించాను. కానీ లేచి వెళ్ళలేదు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

మార్చి 14, శుక్రవారం

వదినకు మొబైల్ ఫోన్ కొనిచ్చాను. మెడలో వేసుకునే తాడుతో సహా. ఇదేంటే, నేనేమన్నా ఆవునా మెడకు తాడు కట్టడానికి అంది. కానీ వేసుకుంది. సాయంత్రం వంటింట్లోంచి ముందుగదిలో ఉన్న నాకు ఫోన్ చేసి, ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావ్ అని అడిగింది. ఇద్దరం ఫోన్లు చెవిన పెట్టుకునే నవ్వుకున్నాం.

మార్చి 19, బుధవారం

మధ్యాహ్నం ఇంటికొస్తే వదిన లేదు. మూడింటికి వచ్చింది, చెప్పుల నిండా ఎర్రమట్టి. ఎక్కడికెళ్ళారంటే, మోకాళ్ళకు నడక మంచిదట అంది. పోయిన నెలే ఆ మోకాళ్ళ డాక్టరు ఎక్కువ నడవొద్దన్నాడు. గుర్తు చేస్తే, ఆయన మోకాళ్ళా నా మోకాళ్ళా అంది.

షుగర్ మాత్ర వేసుకుని వేళకు తినకుండా తిరగొద్దని గట్టిగా చెప్పాను. ఊ కొట్టింది.

మార్చి 27, గురువారం

ఇవాళ మిషన్ నన్ను ఇంకా కట్టని వంతెన మీదకు తీసుకెళ్ళింది. రెండు స్తంభాలున్నాయి, మధ్యలో గాలి ఉంది. తిన్నగా వెళ్ళమంటోంది. ఏం తల్లీ, నేను పక్షిననుకున్నావా అని దాంతో మాట్లాడాను. వెనక్కి తిప్పాను. రీకాలిక్యులేటింగ్ అంది, తప్పు నాదన్నట్టు.

అయినా కోపం రాలేదు. ఈ మూడు వారాల్లో అయిదున్నరకే బయలుదేరడం పోయింది. ఆరింటి దాకా పడుకుంటున్నాను. వారానికోసారి రక్తం తీయించుకునే ముసలి దర్జీ ఒకాయన ఉన్నాడు. ఈ మధ్య గడియారం నిన్ను చూసి దిద్దుకోవచ్చు తల్లీ అన్నాడు. ఆ మాటకు కారు దాకా నడుస్తూ నడుస్తూ చెయ్యి గాలిలో ఊపుకుంటూ వెళ్ళాను, స్కూలు పిల్లలా.

ఏప్రిల్ 8, మంగళవారం

టీ తాగుతుంటే మాట వచ్చింది. సోమవారం మీటింగులో మిషన్లు తిరిగి ఇచ్చేయమని చెబుదామన్నాడు షార్ట్‌కట్. చెవిలో జోరీగ అన్నాడు. మిగతా ఇద్దరూ సరే అన్నారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నేనొక్కదాన్ని ఎలా అడ్డం చెప్పను? ఎందుకు కావాలి అంటే ఏం చెప్పాలి? దారి తెలియని మనిషిని దారుల పనికెలా పెట్టుకున్నాం అనరూ?

నా వైపు చూశారు. మీ ఇష్టం అన్నాను.

ఇంటికొచ్చి వదినకు చెప్పాను. సరేలే, చూద్దాం అంది. దిగులుపడకుండా అలా అనడం కొంచెం వింతగా అనిపించింది.

ఏప్రిల్ 10, గురువారం, సాయంత్రం ఆరు

వరసగా రాస్తాను.

పన్నెండు నలభైకి శాంపిల్స్ అప్పజెప్పి ల్యాబు ఆవరణలో కారు దగ్గర నిలబడ్డాను. వదిన ఫోన్.

“పిల్లా, నేనెక్కడున్నానో తెలియట్లేదే.”

మాట ముద్దగా ఉంది. నాలుక బరువెక్కినట్టు. తొమ్మిదేళ్ళు సూది చేతబట్టిన దాన్ని, ఆ మాట తీరు నాకు తెలుసు. షుగర్ పడిపోతోంది.

“ఏమన్నా తిన్నారా?”

“మాత్ర వేసుకున్నా... పొద్దున్నే బస్సు... తర్వాత తిందామని...”

సంచిలో ఏముంది అంటే నీళ్ళ సీసా అంది. చుట్టూ ఎవరున్నారంటే ఎవరూ లేరంది. అన్నీ కొత్త ఇళ్ళట. అన్నిటికీ తాళాలట. అన్నీ ఒకటే రంగట. ఈ ఊరిని అరచేతిలో పెట్టుకున్న మనిషి, “అన్నీ ఒక్కలాగే ఉన్నాయే” అని చిన్నపిల్లలా అంది. అప్పుడు భయం వేసింది నాకు.

పేర్లూ బోర్డులూ అడిగాను. కళ్ళు మసకలంది. మాట సాగిపోతోంది. పడుకుంటానే అంది. ఏమడగాలో తెలియక, ఎందుకు తోచిందో ఏమో, గట్టిగా అరిచాను.

“వదినా, ఎదురుగా మీటరు పెట్టె ఉందా?”

“ఉంది.”

“రీడింగ్ తీయండి. పెట్టె మీది అడ్రస్ చదవండి ముందు.”

చెప్పులు ఈడ్చుకుంటూ దగ్గరికి వెళ్ళిన చప్పుడు. తర్వాత గొంతు మారింది. ఉద్యోగంలో ఉన్నప్పుడు వెనకాలవాళ్ళు రాసుకోవడానికి బిగ్గరగా చదివేదట, ఆ గొంతు. నిద్రలో నడుస్తున్నట్టు, కానీ ఒక్కో ముక్కా స్పష్టంగా. కాలనీ పేరు, ఫేజ్ మూడు. పదకొండో వీధి. ఇంటి నంబరు నలభై రెండు. యూనిట్లు సున్నా.

ఆ అడ్రసు పైకి చదువుతూనే కారెక్కి మిషన్‌లో కొట్టాను. దొరికింది. తొమ్మిది కిలోమీటర్లు, పదిహేడు నిమిషాలు.

పక్క డోరు తెరుచుకుంది. షార్ట్‌కట్. అంతా విన్నాడు. అంబులెన్సుకు ఫోన్ చేశాను, నలభై నిమిషాలంటున్నారు అన్నాడు. ఎక్కి కూర్చుని, నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. మీరు నడపండి, నేను మాట్లాడిస్తాను అన్నాడు.

“మీటరమ్మగారూ, నిద్రపోకండి. మా ఇంటికి మీరే వచ్చేవారు. మా నాన్న మీటరుకు అయస్కాంతం పెడితే పట్టుకున్నారు, గుర్తుందా?”

ఏం చెప్పిందో గానీ అతను నవ్వాడు. నేను రోడ్డు మీంచి కళ్ళు తీయలేదు. మధ్యలో అతను అలవాటు కొద్దీ “ఎడమకు తీసుకోండి, సిగ్నల్ తప్పుతుంది” అన్నాడు. నేను కుడికి తిప్పాను. రీకాలిక్యులేటింగ్ అంది మిషన్. “ఎడమ... ఎడమండీ” అన్నాడు. నేను స్టీరింగ్ మీద నా చేతి గడియారం వైపు చూశాను. అతను అది చూశాడు. ఇంకేం అనలేదు. ఆ తర్వాత నోటితో ఒక్క దారీ చెప్పలేదు. మిషన్ చెబుతుంటే, ఆ వైపుకు తన చెయ్యి అద్దం ముందు చాచి చూపించాడు. సరిగ్గా మా ఆయన చూపించినట్టే.

ఊరి చివర దాటాక, ఈ కాలనీ నేనెప్పుడూ చూడలేదండీ అన్నాడు మెల్లగా. అతనికి తెలియని చోటు కూడా ఉందని అప్పుడే తెలిసింది, నాకూ, అతనికీ. ఒకటే రంగు ఇళ్ళు, వరసలు వరసలుగా. ఏ వీధికీ గుర్తు లేదు. మనిషి అలికిడి లేదు. మిషన్ మాత్రం తడబడలేదు. మూడో మలుపు. అయిదో మలుపు. మీరు చేరవలసిన చోటికి చేరారు అంది.

వదిన మెట్టు మీద కూర్చుని గోడకు తల ఆనించి ఉంది. ఒళ్ళంతా చెమట. వేలికి గుచ్చి రక్తం బొట్టు షుగర్ చూసే మిషన్‌లో పెట్టాను. అయిదు సెకన్లు. నలభై ఒకటి. పేషెంట్లు కళ్ళు తిరిగి పడతారని కిట్‌లో గ్లూకోజ్ పొడి ఎప్పుడూ ఉంటుంది. మింగగలదో లేదో చూసుకుని, నీళ్ళలో కలిపి కొద్దికొద్దిగా పట్టించాను. షార్ట్‌కట్ తన చొక్కా విప్పి ఎండ తగలకుండా పట్టుకుని బనీనుతో నిలబడ్డాడు.

పదిహేను నిమిషాలకు ఎనభై ఎనిమిది. చూపు కుదురుకుంది. నన్ను చూసింది, అతన్ని చూసింది, తర్వాత గోడ వైపు చూసి మొదటి మాట అంది.

“ఈ మీటరు వంకరగా బిగించారే.”

నేను నవ్వానో ఏడ్చానో నాకు తెలియదు. షార్ట్‌కట్ మాత్రం అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

ఏప్రిల్ 11, శుక్రవారం

నిన్న అంబులెన్సులో వెళ్ళి అన్నీ చూపించుకున్నాం. భయం లేదన్నారు. మాత్ర డోసు తగ్గించారు. ఇవాళ వదిన మంచం మీద కూర్చుని నా మీద పెత్తనం చేస్తోంది. అంటే బాగున్నట్టే.

మధ్యాహ్నం ఆమె సంచి ఉతకడానికి తీస్తే ఒక నోటుబుక్కు దొరికింది. మూడు కొత్త కాలనీలు. మలుపులు, గేట్లు, స్తంభాలు. ఆమె ఉద్యోగం మానేశాక పుట్టిన వీధులు. ఒక పేజీలో, ‘ఇక్కడ గుర్తు ఏమీ లేదు. ఒక ఇంటి ముందు నీలం బకెట్ ఉంది కానీ బకెట్‌ను నమ్మలేం’ అని రాసింది. చివరి పేజీలో పదకొండో వీధి సగం గీసి ఉంది.

నోటుబుక్కు ముందు పెట్టాను. తప్పు చేసినట్టు చూసింది.

“సోమవారం ఆ మిషన్ పట్టుకుపోతే ఏం చేస్తావ్? లిస్టులో కొత్త కాలనీల పేర్లు చూశాను. అవి నాకు తెలియవు. తెలుసుకోవద్దూ?”

“మీ మోకాళ్ళు?”

“మోకాళ్ళు నావేలే.”

“అట్టముక్కలు వద్దన్నప్పుడు మీకు బాధ కలగలేదా?”

“కలిగింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. అయితే? నీకు దారి దొరికిందని ఏడుస్తూ కూర్చోనా?” అంది. తర్వాత, “వాడున్నప్పుడు నీకు చెయ్యి చూపించేవాడు. ఇప్పుడు ఎవరో ఒకరు చూపించాలి కదే” అంది.

ఆమె పాదాలకు నూనె రాశాను. ఎర్రమట్టి గోళ్ళలో ఇంకా ఉంది. రెండేళ్ళుగా చెప్పని మాట ఒకటి చెప్పాను. ఏం చెప్పానో ఇక్కడ రాయను. ఆమె చెవి దుద్దు సర్దుకుంటూ విననట్టు నటించింది.

ఏప్రిల్ 14, సోమవారం

మీటింగు. నా గడియారం సంగతి షార్ట్‌కట్ గురువారం నుంచి నాతో ఎత్తలేదు. ఎవరితోనూ అన్నట్టు లేదు. డాక్టరమ్మ అడిగిన వెంటనే, అందరికంటే ముందు నేనే లేచాను. ఆలస్యం చేస్తే మళ్ళీ ‘మీ ఇష్టం’ అనేస్తానని భయం.

చెప్పేశాను. నాకు దారులు తెలియవని. కుడి ఎడమలు గడియారం చూసుకుంటానని. నాలుగు నెలలు మా వదిన గీసిచ్చిన అట్టముక్కల మీద బతికానని. ఆ మిషన్ తీసుకుంటే అరవై నాలుగేళ్ళ మనిషి నా కోసం మళ్ళీ వీధులు తిరుగుతుందని, అలా తిరగనివ్వనని, కావాలంటే నన్ను మళ్ళీ లోపల కౌంటర్లో వేయమని. మధ్యలో ఎక్కడా ఆగలేదు.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

“నాలుగు కిలోమీటర్ల ఇంటికి మీ కారు పదకొండు తిరిగేదమ్మా. ఇళ్ళకు పంపిన మొదటి వారంలోనే పెట్రోలు లెక్క చూస్తే తెలిసింది నాకు. అడుగుదామనుకున్నాను. ఆ వారమే ఒక పసిబిడ్డ తల్లి ఫోన్ చేసి, మళ్ళీ ఆవిడనే పంపండి, పాప ఏడవలేదు అంది. మీరొస్తే చాలు, ఎలా తిరిగొస్తే నాకేంటి అని ఊరుకున్నాను.”

ఆ మిషన్లు ఎందుకు తెప్పించారో అప్పుడు అర్థమైంది. నాలుగు తెప్పించారు, నేనొక్కదాన్నే బయటపడకుండా.

షార్ట్‌కట్ లేచాడు. నాకూ ఒకటి ఉంచండి మేడమ్, కొత్త కాలనీలు నా తాతకు కూడా తెలియవు అన్నాడు. చేపపిల్ల సంగతేంటి అని మిగతావాళ్ళు అంటే, చెరువు పెద్దదైంది బాబూ అన్నాడు.

నాలుగూ ఉంచేశారు.

ఏప్రిల్ 15, మంగళవారం

వదినకు మీటింగు సంగతంతా చెప్పాను. డాక్టరమ్మ మంచిది అంది. షార్ట్‌కట్‌ను ఆదివారం భోజనానికి పిలవమంది. వాళ్ళ నాన్న అయస్కాంతం కథ మొత్తం చెప్పాలట.

మే 6, మంగళవారం, ఉదయం ఎనిమిది

ల్యాబు గేటు దగ్గర ఒక కారు ఆగింది. అద్దానికి నా దానిలాంటి మిషనే అంటుకుని ఉంది, చేరారు చేరారు అంటోంది. అతను అద్దం దించి, ఇక్కడ పిల్లల ఆసుపత్రికి దారెటండీ అని నన్ను అడిగాడు. నన్ను.

రెండో సందు, ఎడమకు అన్నాను. గడియారం చూసుకోలేదు.

అతను వెళ్ళి తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడ్డాను. సరిగ్గానే తిరిగాడు.